గాలి బిందెకి హారతి

“ఈసారి వాళ్ళొచ్చినప్పుడు గట్టు మీద అగ్గిపుల్ల కూడా గీయనివ్వకే.”

“ముందు నోరు మూసుకుని ఊపిరి పీల్చుకోండి.”

మా ఆయనా నేనూ ఆఖరున అనుకున్న మాటలు ఇవే. ఏలూరు ఆసుపత్రికి పోయే ఆటోలో, నా ఒళ్ళో తల పెట్టుకుని ఆయన అలా అన్నారు, నేను ఇలా అన్నాను. ఆటో మా ఊరి మలుపు తిరిగేసరికి ఆయన నా మాటలో సగమే విన్నారు. నోరు మూసుకున్నారు. ఊపిరి పీల్చుకోలేదు.

ఇది రాస్తున్నది మా తమ్ముడి కూతురు. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదువుతోంది. నాకు సంతకం పెట్టడం, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. పైన రాసిన ఆ రెండు మాటలూ తీసేద్దామంది ఈ పిల్ల. “అత్తా, చదివేవాళ్ళు ఏమనుకుంటారు? ఏదైనా మంచి మాట పెడదాం” అంది. ఏమైనా అనుకోనీ. అవి అలాగే ఉండాలి. అంత కాలం కాపురం చేసి, పోయే ముందు మొగుడూ పెళ్ళాం మాట్లాడుకున్నది పిల్లల గురించి కాదు, మా గురించి కాదు. గ్యాసు బావి గాలి కొలిచేవాళ్ళ గురించి. నా కోపమంతా అక్కడే ఉంది. రాయమ్మా.

మాది కొల్లేటి ఒడ్డు. మా మామగారు తాటిదోనె మీద వల వేసి బతికారు. మా రోజులకి అంతా చేపల చెరువులైపోయింది. చెరువు మాది కాదు, కౌలుకు తీసుకున్న ఆసామిది. గట్టు మీద పాక వేసుకుని కాపలా కాయడం, చేపలకి మేత పెట్టడం మా పని. గూడెం మిల్లుల నుంచి తవుడు లారీలో వస్తుంది. దాన్ని చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, దోనెలో వేసుకుని, చెరువులో పాతిన కర్రలకి ఒక్కొక్కటీ కట్టుకుంటూ పోవాలి. చేప వచ్చి సంచిని పొడుచుకుని తింటుంది. ఆ పని ఆయన పాటలు పాడుకుంటూ చేసేవారు. ఆయాసం అన్న మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

తరువాత మా చెరువుకి పడమటి పక్కన గ్యాసు బావి తవ్వారు. ఇంతెత్తు రిగ్గు వచ్చి, పని చూసుకుని వెళ్ళిపోయింది. గొట్టాలూ, పెద్ద పెద్ద ఇనప తొట్లూ, వాటి మధ్య ఆకాశంలోకి లేచిన ఒక పొడుగాటి గొట్టమూ మిగిలాయి. ఆ గొట్టం చివర మంట. పగలూ రాత్రీ మంటే. పంపు స్టవ్వు వెలిగించి ఆర్పడం మర్చిపోయినట్టు ఒకటే హోరు. మా గట్టు మీద అమావాస్య అన్నది లేకుండా పోయింది.

మంటతో ఎలాగో సర్దుకున్నాం. తొట్లతో సర్దుకోవడం మా వల్ల కాలేదు. గ్యాసుతో పాటు భూమిలోంచి పైకొచ్చే నూనెలాంటి నీరు వాటిలో ఉంటుంది. వాటి మూతలు తీసిన పూట పడమటి గాలి కొట్టిందంటే పెట్రోలు బంకులో పక్క వేసుకున్నట్టే. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెస్తే అదే వాసన. తల తిరిగిపోయేది. ఆరేసిన చీర మడత పెడితే చేతులకి నల్లటి నుసి. ఆయనకి దగ్గు మొదలైంది. దోనె మీద సంచులు కట్టడానికి వెళ్ళి, మధ్యలో కర్ర పట్టుకుని నిలబడిపోయేవారు.

కంపెనీ గేటు దగ్గర ఒక బోర్డు ఉంది. గాలి ఎంత బాగుందో అందులో ఎర్రదీపాల అంకెలు వెలుగుతాయట. నాకు అక్షరాలు సరిగ్గా రాకపోయినా అంకెలు వచ్చు. మాకు తల తిరిగిన రోజూ అవే అంకెలు, హాయిగా ఉన్న రోజూ అవే అంకెలు. ఆ బోర్డుకి గాలి చూసి చెప్పే డబ్బా గేటు లోపల, పూలమొక్కల మధ్య, మంటకి అవతలి పక్కన ఉంటుంది. మా వైపు వచ్చే గాలి దాని మొహం కూడా చూడదు.

ఊరు ఊరంతా గేటు ముందు కూర్చున్నాక, బావి దగ్గరుండే సైటు ఆఫీసరు దిగొచ్చి, బయటి ల్యాబు వాళ్ళ చేత కొలిపిస్తామన్నాడు. అన్నట్టే పోయిన వేసవిలో ఒక కారు మా గట్టు మీద ఆగింది. అందులోంచి టోపీ పెట్టుకున్న ఒక చిన్న వయసు మేడమ్ దిగింది. ఆమె చేతిలో యంత్రమేదో ఉంటుందనుకున్నాను. చూస్తే గుండ్రంగా, నున్నగా, స్టీలు బిందె. బిందెకి మూతి దగ్గర చిన్న తిప్పుడు బిళ్ళ.

“కరెంటు అక్కర్లేదాండీ దీనికి?” అని అడిగారు మా ఆయన.

“అక్కర్లేదండి. లోపలి గాలంతా లాగేసి తెచ్చాం. ఈ బిళ్ళ తిప్పితే బయటి గాలి సన్నగా, కొంచెం కొంచెంగా, రోజంతా లోపలికి పోతుంది. రేపు మూసి పట్టుకెళ్ళి అందులో ఏమేం ఉన్నాయో చూస్తాం.”

“అంటే మేం పీల్చే గాలే ఇదీ పీలుస్తుందన్నమాట.”

“అంతేనండి.”

“పాపం” అన్నారు ఆయన, బిందెని చూసి.

ఆ మేడమ్ నవ్వింది. మా పాక ముందు రెండు ఇటుకలు పేర్చి, బిందెని వాటి మీద పెట్టి, “దీన్నెవరూ ముట్టుకోకూడదండి. మీదే పూచీ” అని ఆయనకి చెప్పి వెళ్ళిపోయింది. అదొక్కటే చెప్పింది. ఇంకేమీ చెప్పలేదు.

మా గట్ల మీద ఒక ఆచారం ఉంది. కొత్త వల తెచ్చినా, కొత్త దోనె దింపినా, నీళ్ళు చిలికే మోటారు తెచ్చినా, మొదటిరోజు పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, సాంబ్రాణి వేసి, కర్పూరం వెలిగించి హారతి ఇస్తాం. హారతి పట్టని వస్తువు మీద ఎవరూ చెయ్యి వేయరు. అది మన మీద తిరగబడుతుందని భయం. ఆయన మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, చొక్కా తొడుక్కుని, ఆ బిందె ముందు నిలబడ్డారు. ముట్టుకోవద్దన్నారు కాబట్టి ముట్టుకోలేదు. పసుపూ కుంకుమా కింది ఇటుకలకి పెట్టారు. కాయ పక్కన రాయి మీద కొట్టారు. కొబ్బరిచిప్పలో కర్పూరం వెలిగించి, బిందెకి చుట్టూ తిప్పి, మూతి దగ్గర నిలిపి, కళ్ళు మూసుకున్నారు.

“మా మాట ఎవరూ వినట్లేదు తల్లీ. నువ్వన్నా చెప్పు” అన్నారు. నేను వెనక నిలబడి దణ్ణం పెట్టుకున్నాను.

కొన్నాళ్ళకి టీకొట్టు దగ్గర, పదిమందిలో, సైటు ఆఫీసరు జీపు ఆపి పెద్దగా నవ్వాడు.

“ఏమయ్యా, గాలి కొలవమని బిందె పెడితే దాన్ని అమ్మవారిని చేశావంట! అందులో గ్యాసు లేదు, గీసు లేదు. అంతా నీ కర్పూరమే!”

టీకొట్టు కూడా నవ్వింది. ఆయన గ్లాసు కింద పెట్టి ఇంటికొచ్చేశారు. కర్పూరం ఘాటు ల్యాబులో మిగతా వాటన్నిటినీ కమ్మేసిందట. ఆ బిందె గాలి లెక్కకి పనికిరాదని వాళ్ళు రాశారట. సరే, పనికిరాదు. ఒప్పుకుంటాను. కానీ ఆ వారంలోనే కంపెనీ గేటుకి కొత్త ఫ్లెక్సీ కట్టారు. ఈ పిల్ల సెలవుల్లో వచ్చినప్పుడు చదివించుకున్నాను. పరీక్ష చేయించామనీ, హాని చేసేదేదీ కనబడలేదనీ ఉంది దాని మీద. ఒళ్ళు మండదా? కళ్ళకి గంతలు కట్టుకుని చూసి, ఏమీ కనబడలేదని చెప్పడం కాదా ఇది? లెక్కే కుదరలేదన్నదాన్ని లెక్క బాగుందని రాసుకున్నారు. రాసింది వాళ్ళైతే తల దించుకుంది మా ఆయన.

ఆ తరువాత ఆయన ఊదొత్తి కూడా వెలిగించలేదు. చిన్న తిరుపతి వెళ్ళాం ఒకసారి. మెట్ల దగ్గర అందరూ కర్పూరం వెలిగిస్తున్నారు. ఆయన ఆయాసంతో కూలబడి, జేబులోంచి కర్పూరం బిళ్ళ తీసి, చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. “దేవుడికి కూడా భయపడి వెలిగించాలా?” అని అరిచాను నేను. ఆయన కొండ గాలి బాగుందని మాత్రం అన్నారు.

సోమవారం సోమవారం ఏలూరు కలెక్టరాఫీసుకి వెళ్ళి అర్జీ పెట్టేవారు. మళ్ళీ కొలవండి, ఈసారి మా పొగ ఉండదు, నాదే పూచీ అని ఒకటే మాట. ఒకసారి సైటు ఆఫీసరు ఊరి మీటింగులో, ఆయన ముందరే, “మీవారు చుట్ట తాగుతారు కదమ్మా. ఆయాసం అందుకే” అన్నాడు నాతో.

“చుట్ట ఆయన తాగారు బాబూ, నేను తాగలేదు. నా తల ఎందుకు తిరుగుతోంది? చుట్ట మంచిదని నేనన్నానా? అదీ కొలవండి. మా పొయ్యి కొలవండి, మోటారు కొలవండి. అన్నీ కొలిచి, మీది కూడా కొలవండి.”

“ఈవిడకి నోరెక్కువ” అన్నాడు పక్కవాడితో.

చివరికి ఏలూరులో మళ్ళీ కొలిపిస్తామని చెప్పారు. ఆ కబురు పట్టుకుని ఆయన నవ్వుతూ ఇంటికొచ్చారు. ఆ వారం దాటకుండానే ఆటో, నా ఒడి, ఆ మాటలు. చెప్పాను కదా.

ఆయన్ని తెచ్చి పాక ముందు పడుకోబెట్టిన చోట నువ్వులనూనె దీపం పెట్టాం. పదకొండో రోజు దాకా అది కొండెక్కకూడదు. ఆయన అక్కగారు, మా వదిన, దీపం పక్కనే చాప వేసుకుని కూర్చుని వత్తి ఎగదోస్తోంది. పెద్దకర్మకి ఇంకా రోజులుండగానే, ఒక పొద్దున్న గట్టు మీద అదే కారు ఆగింది. అదే మేడమ్ బిందె పట్టుకుని దిగి, “ఆయన లేరాండీ?” అంటూనే దీపం చూసింది. బిందె కింద పెట్టేసింది.

“అయ్యో. మళ్ళీ ఎప్పుడైనా వస్తామండి” అంది.

“మళ్ళీ వచ్చేలోగా ఇంకెవరు పోవాలి? పెట్టండి” అన్నాను.

“పోయినసారి ఏం వెలిగించకూడదో నేను చెప్పాల్సిందండి. చెప్పలేదు. ఇప్పుడు మాత్రం…” అని దీపం వైపు చూసి ఆగిపోయింది. ఆ మేడమ్ మీద కూడా ఏడాదిగా కోపం దాచుకున్నాను. అప్పుడు కొంచెం తగ్గింది. కొంచెమే.

నేను లేచి దీపం ప్రమిద చేతిలోకి తీసుకున్నాను.

“ఏమే, మతి పోయిందా?” అని వదిన నా చెయ్యి పట్టుకుంది. “మా తమ్ముడి దీపం ఆర్పుతావా?”

“ఆర్పను వదినా. మీ ఇంటికి తీసుకెళ్తాను.”

“మైలలో నువ్వు ఊళ్ళోకి వస్తావా? ఎవరన్నా ఊరుకుంటారా?”

“ఇన్నాళ్ళూ అందరూ చేసింది ఊరుకోవడమే కదండీ. ఈ ఒక్కరోజూ ఊరుకోమనండి.”

వదిన నన్ను తిట్టింది. మా అమ్మని తిట్టింది. తిడుతూ తిడుతూనే వెళ్ళి దోనె గెడ పట్టుకుంది. ఊరు మాకు తూర్పున, చెరువు అవతల ఉంది. గాలి అటే పోతుంది కాబట్టి అక్కడ దీపం వెలిగితే బిందెకి దాని పొగ రాదు. నేను దోనెలో కూర్చుని, కొంగు అడ్డం పెట్టి, ఆయన దీపాన్ని ఆయన మేత పెట్టిన నీళ్ళ మీదుగా దాటించాను. వీధిలో నన్ను చూసి తలుపులు వేసుకున్నారు. కుళాయి దగ్గర ఒకావిడ బిందె వదిలేసి మొహం తిప్పుకుంది. వేసుకోనీ. తిప్పుకోనీ. గ్యాసు వాసన వచ్చినప్పుడు ఇంత గట్టిగా తలుపులు వేసుకోలేదు వీళ్ళు.

దీపాన్ని వదిన ఇంటి మూల పెట్టి తిరిగొచ్చేసరికి సైటు ఆఫీసరు జీపు దిగి, మేడమ్ పక్కన నిలబడి ఉన్నాడు.

“ఈసారి హారతి లేదామ్మా?” అన్నాడు.

“ఆయనకే లేదు దీపం. ఇక దీనికెక్కడిది?”

వాడి మొహం మాడింది. నేను పడమటికి చూశాను. గొట్టం మీద మంట అరచేయంత అయిపోయింది. హోరు లేదు. తొట్ల మీద మూతలన్నీ బిగించి ఉన్నాయి. పెళ్ళిచూపులకి ముస్తాబైనట్టు ఉంది బావి. నేను దీపం తీసేసి వచ్చేసరికి, వాళ్ళు మంట దాచేశారు.

మేడమ్ కూడా మంట వైపు చూసింది. చూసి, బిందె మూతికి గడియారంలాంటిది బిగించి, తాళం వేసింది.

“ఇది ఈరోజు తెరుచుకోదండి” అంది, ఆఫీసరుకీ నాకూ వినబడేలా. “ఏదో ఒకరోజు దానంతట అదే తెరుచుకుంటుంది. ఏ రోజన్నది మీకూ చెప్పను, వాళ్ళకీ చెప్పను.”

ఆఫీసరు జీపెక్కి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం దాని అర్థం మెల్లగా తలకెక్కింది. ఏ రోజో తెలియదంటే, అన్ని రోజులూ పొగ లేకుండా ఉండాలి. దీపం వెనక్కి రాదు. పొయ్యి వెలగదు. పెద్దకర్మ కూడా ఆయన పాక ముందు కాదు.

అలాగే చేశాను. అన్నం వదిన ఇంటి నుంచి దోనెలో వచ్చేది. ఆసామి మనిషితో పోట్లాడి మోటారు ఇంజను అవతలి గట్టుకి మార్పించాను. బిందెకి దూరంగా కుక్కి మంచం వేసుకుని, కాపలా కాసినాయన పోయాక ఆ గట్టుని నేను కాపలా కాశాను. తవుడు లారీ డ్రైవరు బీడీ నోట్లో పెట్టుకుని దిగితే కర్ర పట్టుకుని వెళ్ళాను.

“ఏంటి పిన్నిగారూ, గ్యాసు పేలుతుందనా?”

“పేలితే మీటింగు పెడతారు. నీ బీడీ పేరు చెప్పి వాళ్ళు తప్పించుకుంటే ఏం చెయ్యను? పారెయ్.”

పారేశాడు. తరువాత వచ్చిన ప్రతివాడికీ వాడే చెప్పాడు, ఆ గట్టు మీద ఒక పిచ్చిది ఉంది, అగ్గిపెట్టె తీశారంటే కొడుతుంది అని.

కొన్నాళ్ళు మంట అణిగే ఉంది. ఎంతకాలం దాస్తారు? పెద్దకర్మ వదిన ఇంట్లో జరిగి, నేను గట్టు మీదకి తిరిగొచ్చిన పూటే హోరు మళ్ళీ లేచింది. మంట మునుపటంత అయింది. సాయంత్రానికి తొట్ల మూతలు తెరిచారు. పడమటి గాలి మీద ఆ పెట్రోలు కంపు వచ్చి మొహాన కొట్టింది. తల తిరిగింది. మంచం కోడు పట్టుకున్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ కంపు వచ్చినందుకు నాకు సంతోషమేసింది. బిందె దగ్గరికి వెళ్ళి, ముట్టుకోకుండా, దాని మూతి దగ్గర వంగాను.

“పీల్చు. పీల్చవే తల్లీ. ఆయన పీల్చిందంతా పీల్చు” అన్నాను. అప్పటిదాకా ఏడవలేదు నేను. అప్పుడు ఏడ్చాను. ఏడుస్తూనే కంపెనీని తిట్టాను. ఆ తిట్లు రాయనంటోంది ఈ పిల్ల. సరే, వదిలెయ్.

బిందె ఆ రోజుల్లోనే తెరుచుకుందట. దాన్ని పట్టుకెళ్ళి చూసి, ఫలితం చెప్పడానికి మేడమ్ స్వయంగా వచ్చింది. కాగితం తీసి ఏవో పేర్లు చదవబోయింది. నోరు తిరిగే పేర్లు కావు.

“ముందు ఇది చెప్పండి. మా పొగ ఉందా అందులో?”

“లేదండి. కర్పూరం లేదు, పొయ్యి పొగ లేదు.”

“వాళ్ళది?”

“ఉందండి. తొట్లలోంచి వచ్చేదే. ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువ ఉంది.” ఆగి, మళ్ళీ అంది. “మీ ఆయన ఎందువల్ల పోయారన్నది ఈ బిందె చెప్పలేదండి. గాలిలో ఏముందో మాత్రమే చెబుతుంది.”

“అది చెప్పమనే కదమ్మా ఆయన దానికి దణ్ణం పెట్టింది.”

సైటు ఆఫీసరు ఇప్పుడు కొత్త మాట ఎత్తుకున్నాడు. ఒక్క బిందెతో ఏం తేలుతుంది అంటున్నాడు. కర్పూరం బిందె ఒక్కదానితోనే ఫ్లెక్సీ కట్టినవాడు అంటున్న మాట ఇది! ఒక్కటి చాలకపోతే ఇంకా పెట్టండి. గట్టు పొడుగునా పెట్టండి. వేసవిలో పెట్టండి, వానల్లో పెట్టండి. తొట్లకి మూతలు బిగించి, పైకి వదిలేదాన్ని పట్టే ఏర్పాటు చేసేదాకా నేను ఈ గట్టు దిగను. మా పాకలో పొయ్యి ఇప్పుడు వెలుగుతోంది. బిందె వచ్చిన రోజున ఆరుతుంది. ఆయన దీపం కూడా అంతే. ఆయన ఏమీ అనుకోరు, ఆయన చెప్పిందే చేస్తున్నాను.

ఇక చాలు. అమ్మాయ్, పెన్ను కింద పెట్టి ఇప్పుడు మొదటి నుంచీ చదివి వినిపించు. నువ్వు మెత్తగా మార్చిన మాట ఏదైనా ఉంటే నాకు తెలిసిపోతుంది. ఆయన్ని నోరు మూసుకోమన్న చోట గొంతు తగ్గించకు. నేను ఆటోలో ఎంత గట్టిగా అన్నానో అంత గట్టిగా చదువు.